విడాకుల తర్వాత ఆస్తి పంపకం – అప్పీలు దారి

(ఉగాది సభలో చేసిన ఉపన్యాస పాఠం)



ఇంతకు ముందే పంచాంగ శ్రవణం ముగిసింది. ఎవరి రాశికి ఆదాయమెంతో, వ్యయమెంతో, రాజపూజ్యమెంతో, అవమానమెంతో అందరమూ శ్రద్ధగా విన్నాము. పండుగపూట విడాకుల ప్రసంగం ఎందుకండీ అని కొందరు పెద్దలు మమ్మల్ని అడిగారు. ఏడాది లెక్క వినడానికి కూర్చున్న రోజున ఈ లెక్క కూడా వింటే తప్పులేదని వారికి మనవి చేసుకున్నాము. ఈ సంగతి మన ఇళ్ళలో లేనిది కాదు. లేదనుకుని కూర్చోవడంవల్లనే, అది వచ్చిపడిన నాడు ఏ కాగితం ఎక్కడున్నదో తెలియక, ఎన్ని రోజుల గడువున్నదో తెలియక మనవారు నష్టపోతున్నారు. కోర్టు వరండాలలో తిరిగే వృత్తి మాది గనుక, చూచిన సంగతులు నాలుగు చెప్పడం మా విధి అనుకుంటున్నాము.

మనము ఈ నేలకు నిన్న మొన్న వచ్చినవారము కాము. 1529లో విశ్వనాథ నాయకుడు మదురలో నాయక రాజ్యం స్థాపించడానికి ముందునుంచే విజయనగరపు సేనల వెంట మనవారు దక్షిణాదికి రావడం మొదలైంది. ఆ తర్వాత పాలెగాండ్రుగా, రైతులుగా, నేతగాండ్రుగా మదుర సీమలోనూ కోయంబత్తూరు సీమలోనూ స్థిరపడ్డారు. 1689 మొదలు సుమారు పదిహేనేళ్ళు, పసివాడైన మనుమడి పక్షాన, రాణీ మంగమ్మ మదుర రాజ్యం నడిపింది. ఒక రాజ్యపు బొక్కసాన్నే ఆడది చూచుకున్న గడ్డమీద, మన ఆడపడుచులలో ఎందరికి తమ నగల జాబితా తమ చేతిలో ఉన్నది? ఈ ప్రశ్నతోనే మా ప్రసంగం మొదలు పెడుతున్నాము.

పంపకం అనే మాట మనకు కొత్త కాదు. అన్నదమ్ములు వేరుపడడం, పెద్దమనుషులు కూర్చుని వాటాలు వేయడం తరతరాలుగా చూస్తూనే ఉన్నాము. 1926లో పీలమేడులో పి.ఎస్. గోవిందస్వామి నాయుడుగారి నలుగురు కుమారులు ఆస్తిని నాలుగు భాగాలు కాక అయిదు భాగాలు చేసి, అయిదో భాగాన్ని ధర్మానికి విడిచిపెట్టారు. నేడు కోయంబత్తూరులో ఆ పేరుమీద నడిచే కళాశాలలకూ ఆస్పత్రికీ మొదలు అదే. అన్నదమ్ముల పంపకంలో ఇంత పెద్దరికం చూపినవారము మనము. అదే భార్యాభర్తలు విడిపోయినప్పుడు మాత్రం మనకు ఒక పద్ధతి లేదు. అమ్మాయి పెట్టె తీసుకుని పుట్టింటికి వస్తుంది. ఆపైన ఇరుపక్షాలవారూ పరువుకోసం కొన్నాళ్ళు నోరు మూసుకుంటారు, కోపంకొద్దీ మరి కొన్నాళ్ళు నోరు పారేసుకుంటారు. ఈలోగా గడువులు దాటిపోతాయి.

మొదట చట్టం సంగతి. మన రాష్ట్రాలు కలిసి ఉన్న రోజులలోనే, 1949లో, మద్రాసు శాసనసభ హిందువులకు బహుభార్యాత్వ నిషేధ, విడాకుల చట్టం చేసింది. అంటే కోయంబత్తూరు, మదుర, నెల్లూరు, గుంటూరు జిల్లాలవారికి ఒకేమారు ఆ హక్కు వచ్చింది. తర్వాత 1955లో దేశమంతటికీ హిందూ వివాహ చట్టం వచ్చింది. అయితే విడాకులు ఇచ్చే చట్టం వచ్చినంత స్పష్టంగా ఆస్తి పంచే చట్టం రాలేదు. విడాకులైతే భర్త ఆస్తిలో సగం భార్యకు వస్తుందని మనవారిలో చాలామంది అనుకుంటున్నారు. అమెరికాలో కాలిఫోర్నియావంటి రాష్ట్రాలలో వివాహకాలపు సంపాదన ఉభయులదీ అనే సూత్రం ఉన్నమాట నిజమే. మన దేశంలో అటువంటి సూత్రం లేదు. భర్త స్థిరాస్తిలో భార్యకు భాగం ఇప్పించే ఏర్పాటుతో ఒక బిల్లు 2013లో రాజ్యసభలో నెగ్గింది గాని, 2014లో లోక్‌సభ రద్దు కావడంతో అదీ మురిగిపోయింది.

కాబట్టి మన కోర్టు ఎదుట ఆస్తి మూడు కుప్పలుగా ఉంటుందని భావించండి.

మొదటిది స్త్రీధనం. పెళ్ళికి ముందు, పెళ్ళినాడు, పెళ్ళి తర్వాత ఆమెకు పుట్టింటివారు, అత్తింటివారు, బంధుమిత్రులు ఇచ్చిన నగలు, నగదు, వస్తువులు, పసుపు కుంకుమల కింద రిజిస్టరుచేసి ఇచ్చిన భూమి. ఇది పూర్తిగా ఆమె సొంతం. భర్తగాని అత్తగారుగాని దానిని దాచిపెట్టినంత మాత్రాన వారిది కాదనీ, వారు దానికి ధర్మకర్తల వంటివారేననీ 1985లో సుప్రీంకోర్టు ప్రతిభారాణి కేసులో తేల్చిచెప్పింది. ఇది పంచవలసిన ఆస్తి కాదు, తిరిగి ఇవ్వవలసిన ఆస్తి.

రెండవది, పెళ్ళి సందర్భంగా దంపతులిద్దరికీ కలిపి ఇచ్చినది. హిందూ వివాహ చట్టం 27వ సెక్షను కింద కోర్టు తన డిక్రీలోనే దీనికి ఏర్పాటు చేయవచ్చును. పెళ్ళి ముహూర్తానికే చేతికి ఇచ్చి ఉండాలని లేదు, ముందో వెనుకో ఇచ్చినా పెళ్ళికి సంబంధించినదైతే చాలునని 1997లో సుప్రీంకోర్టు చెప్పింది. కాని అడగాలి. విడాకుల వ్యాజ్యం నడుస్తూండగా అడగకుండా ఊరుకుని, డిక్రీ అయిన తర్వాత గుర్తు తెచ్చుకుంటే చిక్కు.

మూడవది, కాపురం చేసిన కాలంలో ఎవరో ఒకరి పేరున కొన్న ఇల్లు, పొలం, యంత్రాలు, వ్యాపారం. చిక్కంతా ఇక్కడే. ఎవరి పేరున దస్తావేజు ఉంటే వారిదే అనేది సామాన్యంగా చెల్లే మాట. అయితే 2023 జూన్ 21వ తేదీన మద్రాసు హైకోర్టులో జస్టిస్ కృష్ణన్ రామస్వామిగారు ఒక నాయుడుగారి కుటుంబ వ్యాజ్యంలో ఇచ్చిన తీర్పు గమనించదగినది. భర్త సౌదీ అరేబియాలో ఏళ్ళతరబడి పనిచేసి డబ్బు పంపాడు, భార్య ఇక్కడ ఇల్లు, పిల్లలను చూచుకున్నది. ఇల్లాలి చాకిరీని గుర్తించే చట్టం లేకపోయినా, గుర్తించవద్దనే చట్టమూ లేదని చెప్పి, అలా కూడబెట్టిన ఆస్తిలో ఆమెకు సమానభాగం ఉన్నదన్నారు. అది విడాకుల కేసు కాదు, ప్రతి కేసుకూ అచ్చంగా వర్తిస్తుందనీ చెప్పలేము. కాని ఆ మాట పలికింది మొదటి కోర్టు కాదు, రెండో అప్పీలులో హైకోర్టు. ఇది మనము మరువరాదు.

ఈ మూడింటికీ వేరుగా మనోవర్తి ఉన్నది. 25వ సెక్షను కింద కోర్టు నెలనెలకో ఒకేమారో ఇప్పిస్తుంది, అవసరమైతే భర్త స్థిరాస్తిమీద దానిని భారంగా వేస్తుంది. ఆ తర్వాత పరిస్థితులు మారితే, అనగా ఉద్యోగం పోయినా, జబ్బుచేసినా, ఆదాయం పెరిగినా, దానికి అప్పీలు అవసరం లేదు. అదే కోర్టులో అర్జీ పెట్టుకుని మార్పించుకోవచ్చును. ఉద్యోగం పోయిన నాడు అప్పీలు గడువు దాటిందే అని దిగులుపడేవారు ఈ సంగతి గుర్తుంచుకోవలెను.

ఇప్పుడు ఒక ఇంటిని ఊహించుకుందాము. పిల్లది మదుర పక్క ఊరిది, అల్లుడిది కోయంబత్తూరులో పంపుసెట్ల వర్కుషాపు. రెండో యేట భార్య నగలు బ్యాంకులో కుదువపెట్టి ఒక లేతు యంత్రం కొన్నారు. వర్కుషాపు పెరిగింది, షెడ్డు, స్థలం, ఇల్లు అన్నీ భర్త పేరనే వచ్చినవి. పన్నెండేళ్ళకు విడాకులు. నా నగలతో మొదలైన వ్యాపారమండీ అని ఆమె అంటుంది. నేను విడిపించి ఇచ్చేశానని అతడు అంటాడు. ఇద్దరిలో ఎవరిది నిజమో భగవంతుడికి తెలుసు, జడ్జీగారికి తెలియదు. ఆయన ఎదుట ఉండవలసింది బ్యాంకు కుదువ రసీదు, యంత్రం కొన్న బిల్లు, ఆ రెండింటి తేదీలు. అవి ఉంటే తీర్పు ఒక తీరు, లేకపోతే మరొక తీరు. 2020లో రజనీష్ కేసులో సుప్రీంకోర్టు మనోవర్తి వ్యాజ్యాలలో ఉభయపక్షాలూ తమ ఆస్తులు, అప్పులు, ఆదాయాలు ప్రమాణపత్రం మీద చెప్పి తీరాలని ఆదేశించింది. ఎదుటివారి ప్రమాణపత్రాన్ని జాగ్రత్తగా చదవండి. అందులో దాచిన సంగతి ఏదైనా ఉంటే అక్కడే, మొదటి కోర్టులోనే, ఎత్తిచూపండి.

మొదటి కోర్టులోనే అని ఎందుకింత నొక్కి చెబుతున్నామంటే, అప్పీలు అంటే కేసు మళ్ళీ మొదటినుంచీ నడపడం కాదు. కుటుంబ కోర్టు తీర్పుమీద హైకోర్టులో ఇద్దరు న్యాయమూర్తుల బెంచి విచారణ చేస్తుంది. న్యాయాంశాలనే కాక వాస్తవాలనూ తిరిగి తూచే అధికారం ఆ బెంచికి ఉన్నది. కాని వారు తూచేది కింది కోర్టులో దాఖలైన కాగితాలనూ, అక్కడ పలికిన సాక్ష్యాలనూ. కొత్త కాగితం తెస్తామంటే, ఇంతకాలం ఎందుకు తేలేకపోయారో నమ్మకం కలిగేలా చెప్పాలి. కింది కోర్టు అన్యాయంగా నిరాకరించినదైనా కావాలి, ఎంత వెదకినా అప్పట్లో దొరకనిదైనా కావాలి, లేదా తీర్పు చెప్పడానికి అది అవసరమని పైకోర్టే అనుకోవాలి. బీరువాలోనే ఉన్నది, అప్పుడు గుర్తు రాలేదు అంటే చెల్లదు.

తూచడంలో ఎంత తేడా రాగలదో చెప్పడానికి, మన కోయంబత్తూరుకు పాలఘాటు కనుమ అవతల, కేరళలో జరిగిన ఒక వ్యాజ్యం చూడండి. 2003లో పెళ్ళి. పుట్టింటివారు 89 సవరన్ల బంగారం పెట్టారు. పెళ్ళయిన రాత్రే భర్త ఆ నగలు తీసుకుని భద్రంకోసమని తల్లికి అప్పగించాడనీ, అవి అప్పుల కింద పోయినవనీ ఆమె వాదం. 2011లో కుటుంబ కోర్టు ఆమె మాట నమ్మింది. భర్త అప్పీలు చేశాడు. 2022లో హైకోర్టు, ఆమె రుజువు చేయలేదని ఆ భాగాన్ని కొట్టివేసింది. ఆమె సుప్రీంకోర్టుకు వెళ్ళింది. దంపతుల మధ్య నగల సంగతిలో నేరం రుజువుచేసినంత గట్టి రుజువు కోరరాదు, ఎవరి మాట ఎక్కువ సంభవమో చూచి తేల్చాలి అని 2024 ఏప్రిల్ 24న సుప్రీంకోర్టు చెప్పి, 25 లక్షల రూపాయలు ఇప్పించింది. ఒకే సాక్ష్యం, మూడు కోర్టులు, మూడు తూనికలు. పెళ్ళి నుంచి లెక్కిస్తే ఇరవైయొక్క సంవత్సరాలు. అప్పీలు వల్ల న్యాయం దొరకవచ్చునన్నదీ, దానికి ఆయుస్సులో ఎంత పోతుందన్నదీ రెండూ ఈ ఒక్క కేసులోనే ఉన్నవి. ఆ మొదటి అప్పీలు చేసినవాడు భర్త అన్నది కూడా గమనించండి. ఈ తలుపు ఆడవారికి మాత్రమే కాదు, మగవారికీ తెరిచే ఉన్నది.

ఇక గడువు. కుటుంబ కోర్టుల చట్టం 19వ సెక్షను ప్రకారం అప్పీలుకు 30 రోజులు. హిందూ వివాహ చట్టం 28వ సెక్షను ప్రకారం, 2003లో చేసిన సవరణ తర్వాత, 90 రోజులు. రెండింటిలో ఏది చెల్లుతుందన్న తగాదా వచ్చి, 2016లో బొంబాయి హైకోర్టు పూర్తి బెంచి 90 రోజులని తేల్చింది. ఆ తగాదాలో మనమెందుకు పడాలి? 30 రోజులనే గుర్తుపెట్టుకోండి, నష్టం లేదు. తీర్పు వెలువడిన నాడే నకలుకు దరఖాస్తు పెట్టండి. నకలు తయారు కావడానికి పట్టిన రోజులు గడువులోంచి తీసివేస్తారు, దరఖాస్తు పెట్టకుండా ఇంట్లో కూర్చున్న రోజులు తీసివేయరు. గడువు దాటితే ఆలస్యాన్ని మన్నించమని అడగవచ్చును గాని, మన్నించడం మన్నించకపోవడం కోర్టు ఇష్టం.

ఎక్కడ వేయాలి? మదుర, తేని, విరుదునగరం, తూత్తుకుడి జిల్లాలవారికి 2004 జూలై 24 నుంచి మదురలోనే హైకోర్టు బెంచి ఉన్నది. బోడినాయకనూరు, సాత్తూరు, కోవిల్‌పట్టి వైపు మనవారు బస్సెక్కి పొద్దున వెళ్ళి రాత్రికి ఇల్లు చేరవచ్చును. కోయంబత్తూరు, తిరుప్పూరు జిల్లాలవారికి మాత్రం సుమారు 500 కిలోమీటర్ల దూరాన చెన్నపట్నమే గతి. అందుచేత కోయంబత్తూరు వైపువారు అప్పీలు ఖర్చు లెక్కవేసేటప్పుడు ప్రయాణాలూ, అక్కడి వకీలు ఫీజూ కలుపుకోవలెను. కుటుంబ కోర్టు లేనిచోట సబుకోర్టు తీర్పు ఇస్తే, మామూలు సివిలు అప్పీళ్ళు ఏ కోర్టుకు పోతాయో ఆ కోర్టుకే పోవాలి. ఆడవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు 1987 నాటి చట్టం ఇచ్చింది. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆ కార్యాలయం ఉంటుంది. అడగడానికి సిగ్గుపడవద్దు.

అప్పీలు వేసినంత మాత్రాన కింది తీర్పు ఆగదు. స్టే వేరుగా అడగాలి. స్టే రాకపోతే, అప్పీలు నడుస్తూండగానే ఇల్లు జప్తు కావచ్చును, డబ్బు వసూలు కావచ్చును. అలాగే విడాకుల డిక్రీ చేతికి రాగానే మరో సంబంధం చూచే తొందర కొందరికి ఉంటుంది. అప్పీలు గడువు తీరేవరకు, అప్పీలు వేసి ఉంటే అది కొట్టివేసేవరకు, మళ్ళీ పెళ్ళి చేసుకోరాదని 15వ సెక్షను చెబుతున్నది.

అప్పీలు లేనివి కొన్ని ఉన్నవి. వ్యాజ్యం నడుమ ఇచ్చిన మధ్యంతరపు ఉత్తర్వుమీద లేదు. కేవలం ఖర్చులమీద లేదు. అన్నిటికన్నా ముఖ్యం, ఉభయులూ ఒప్పుకుని చేసుకున్న రాజీ డిక్రీమీద అప్పీలు లేదు. లోకదాలతులో కుదిరిన పరిష్కారంమీదా లేదు. రాజీ మంచిది కాదని మేము అనడం లేదు. ఇరవై యేళ్ళు కోర్టులలో తిరగడం కన్నా సగం దొరికినా నేడే పుచ్చుకోవడం మేలైన సందర్భాలు ఎన్నో. కాని సంతకం పెట్టడానికి ముందు ఆ కాగితం ఇంటికి తెచ్చుకుని, ఒక రాత్రి దగ్గర పెట్టుకుని, తెలిసినవారితో చదివించుకుని, మర్నాడు పెట్టండి. మోసంచేసి సంతకం పుచ్చుకున్నారంటే ఆ సంగతి రాజీ రాసిన కోర్టులోనే చెప్పి రుజువు చేసుకోవాలి. అది అప్పీలుకన్నా కష్టం.

రాజీలో ఒక్కొక్క మాటకు ఎంత విలువ ఉంటుందో నెల్లూరి తులసమ్మ కేసు చెబుతుంది. ఆమెది విడాకుల కేసు కాదు, వితంతువు మనోవర్తి కేసు. భర్త 1931లో పోయాడు. ఆమె 1944లో మనోవర్తికి దావా వేసింది. 1949లో రాజీ కుదిరి, కొంత ఆస్తిని బతికున్నంతకాలం అనుభవించు, అమ్మే హక్కు లేదు అని రాశారు. 1961లో ఆమె కొంత అమ్మితే మరిది దావా వేశాడు. మునసబు కోర్టు అతని పక్షం, జిల్లా కోర్టు ఆమె పక్షం, హైకోర్టు మళ్ళీ అతని పక్షం. చివరకు 1977లో సుప్రీంకోర్టు, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షనువల్ల ఆ ఆస్తి ఆమెకు సంపూర్ణంగా దక్కిందని తీర్పు చెప్పింది. పదహారేళ్ళు ఆమె వెనుకకు తగ్గలేదు. నేడు దేశంలోని ప్రతి హైకోర్టులోనూ ఆ తెలుగు ఇల్లాలి పేరు చెప్పుకుని వాదిస్తున్నారు.

మన కులపెద్దల పంచాయతీల సంగతి కూడా చెప్పాలి. ఆచారం ప్రకారం విడాకులిచ్చే వాడుకను 29వ సెక్షను కాపాడింది. అయితే ఆ ఆచారం ఉన్నదని స్పష్టంగా చెప్పి, రుజువు చేయాలని తమిళనాడుకు చెందిన ఒక కేసులోనే సుప్రీంకోర్టు అన్నది. చావడిలో పదిమంది ఎదుట తేల్చి, నోటిమాటగా ముగించిన పంపకానికి తర్వాత ఏ కోర్టులోనూ ఆధారం దొరకదు, అప్పీలు చేయడానికి తీర్పు కాగితమూ ఉండదు. పెద్దలు కూర్చుని సామరస్యం చేయడం మంచిదే. చేసిన ఏర్పాటును కాగితంమీద పెట్టించి, కోర్టుచేత డిక్రీగా రాయించుకోండని మా మనవి.

మన పిల్లలు నేడు అమెరికా, ఆస్ట్రేలియాలలో ఉన్నారు. అక్కడి డిక్రీ ఇక్కడ చెల్లుతుందా? తిరుపతిలో 1975లో పెళ్ళిచేసుకున్న ఒక జంటలో భర్త అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రపు కోర్టులో విడాకులు పుచ్చుకున్నాడు. ఆ డిక్రీ ఇక్కడ చెల్లదని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. పెళ్ళి ఏ చట్టం కింద జరిగిందో ఆ చట్టం ఒప్పుకునే కారణంమీద, అధికారం గల కోర్టులో, రెండోవారు నిజంగా హాజరై పోరాడిన తర్వాతనో, మనస్ఫూర్తిగా ఒప్పుకున్న తర్వాతనో వచ్చిన డిక్రీకే సామాన్యంగా విలువ. కాబట్టి పరదేశపు కోర్టునుంచి నోటీసు వస్తే మూలను పడవేయక, ఇక్కడి వకీలుకూ చూపించండి.

చివరగా, ఇంటికి వెళ్ళి చేయదగిన పని. 1985 నాటి నిబంధనల ప్రకారం పెళ్ళిలో వచ్చిన కానుకల జాబితా రాసి ఉంచాలి. వస్తువేమిటి, విలువ సుమారెంత, ఇచ్చినవారెవరు, వారు ఏమవుతారు అని రాసి, వధూవరులు సంతకాలు పెట్టాలి. ఇది చట్టం చెప్పిన పని, అనుమానం కాదు. శుభలేఖ అచ్చు వేయించినంత సహజంగా ఈ జాబితా రాయండి, ఒక ప్రతి అమ్మాయి దగ్గర ఉంచండి. నగల బిల్లులు, కుదువ రసీదులు, బ్యాంకు పుస్తకాలు ఆమె చేతికే ఇవ్వండి. భూమి ఇస్తే నోటిమాటగా కాక రిజిస్టరు చేసి ఇవ్వండి. మన ఇళ్ళలో పాత ఉత్తరాలు, చిట్టాలు తెలుగులో ఉంటాయి. ఇక్కడి కింది కోర్టులలో తమిళం, హైకోర్టులో ఇంగ్లీషు నడుస్తుంది. తెలుగు కాగితాన్ని తర్జుమా చేయించి దాఖలు చేయాలి. తాతగారి చేతిరాత చదవగలిగినవారు మీ ఇంట్లో ఇంకా ఉంటే ఆ పని ఇప్పుడే చేయించుకోండి.

ఏ ఇంటా ఈ జాబితా బీరువాలోంచి బయటికి తీసే అవసరం రాకూడదనే మేమూ కోరుకుంటున్నాము. అవసరమే వస్తే, ఆ రోజున మన అమ్మాయిగాని మన అబ్బాయిగాని ఏడుస్తూ ఇంట్లో కూర్చోక, చేతిలో కాగితాలతో, గడువులోపల, కోర్టు మెట్లు ఎక్కగలగాలి. అంతవరకు సిద్ధంచేసి ఉంచడం పెద్దలమైన మన బాధ్యత.